ఐదు నిమిషాల సాక్ష్యం

అద్దాల గదిలో మెరెరిడ్.
చెవుల మీద రెండు నల్లటి దొప్పలు,
ముందు గ్లాసుడు నీళ్ళు, కొరికిన పెన్సిలు.
కింద కమిటీ బల్ల చుట్టూ ఎనిమిది మంది.
వాళ్ళలో ఐదుగురికి
ఆమె మాట్లాడితేనే వినిపిస్తుంది.

సాక్షి ఇడ్వాల్ రౌలాండ్స్, డెబ్భై ఒక్క ఏళ్ళు.
పొద్దున ఐదింటి రైలెక్కాడు.
ఉత్తరాన ఉన్న తన ఊరి నుంచి
దక్షిణాన ఉన్న తన రాజధానికి
రైలు ఇంగ్లండు మీదుగా తిరిగొస్తుంది,
సొంత వంటింట్లోకి
పక్కింటి పెరట్లోంచి వచ్చినట్టు.
బయట మెట్ల మీద చాలాసేపు ఆగాడు.
ఆయాసమనుకుని కాపలా అబ్బాయి చెయ్యి అందించాడు.
ఆయన చూస్తున్నది పలకరాయిని.
మా కొండదా, అవతలి లోయదా అని
బూటు మడమతో తట్టి విన్నాడు,
కుండ బేరమాడేవాడిలా.

"నేను" అన్నాడు ఆయన వెల్ష్‌లో.
"నేను" అంది మెరెరిడ్ ఇంగ్లీషులో.
ఈ ఉద్యోగంలో "ఆయన అంటున్నాడు" అనకూడదు.
నేను క్వారీలో ఇరవై రెండేళ్ళు రాయి చీల్చాను.
నేను ఊరి బ్యాండులో యూఫోనియం ఊదుతాను.
నా భార్య పోయిన వారం కూడా
శుక్రవారం సాధన ఆపలేదు.
ఇక్కడ మెరెరిడ్ ఒక్క క్షణం వెనకబడింది.
ఆమెకు ముప్ఫై నాలుగు, పెళ్ళి కాలేదు.
నిన్న ఆమె ఒక గొర్రెల రైతు.
మొన్న, బస్సు పోగొట్టుకున్న ఊరు మొత్తం.

బ్యాండుకి ఏటా వచ్చే పదకొండు వేల పౌన్లు
ఈసారి నాలుగు వేలయ్యాయి.
ఉత్తరంలో దాన్ని "పునఃసమతుల్యం" అన్నారు,
రెండు భాషల్లో, సమాన గౌరవంతో,
ఎడమ పక్క వెల్ష్, కుడి పక్క ఇంగ్లీష్.
"మా ఊళ్ళో రెండు వైపులా చదివాం," అన్నాడు,
"రెండు వైపులా అర్థం కాలేదు."

ఒక సభ్యురాలు పెన్ను మూత తీసింది.
"పిల్లలు భాష కోసం వస్తారా, సంగీతం కోసమా?
ఏ పద్దు కింద రాసుకోమంటారు?"
"బిస్కెట్ల కోసం వస్తారు."
నవ్వు రెండు వాయిదాల్లో వచ్చింది.
ముందు ముగ్గురు.
రెండు సెకన్ల తర్వాత ఐదుగురు.

వెల్ష్‌వాళ్ళ బెంగకు ఒక పేరుమోసిన మాటుంది,
టీ కప్పుల మీద కూడా అచ్చేసి అమ్ముతారు.
అది ఇప్పుడొస్తుందని
బల్ల దగ్గర ఇద్దరు మొహాలు సర్దుకున్నారు.
ఆయన "బకెట్టు" అన్నాడు.
హాలు కప్పు కారుతోంది,
డ్రమ్ముల పక్కన బకెట్టు పెట్టాం,
నెమ్మది పాటల్లో ఆ చుక్క తాళం తప్పుతుంది.
వెల్ష్‌లోనూ అది బకెట్టే, ఇంగ్లీషులోనూ బకెట్టే.
మెరెరిడ్ పెదవి కదిపేలోపే
అందరికీ చేరిపోయింది.

నాలుగు నిమిషాల యాభై సెకన్లు.
అధ్యక్షుడు వెల్ష్‌లోనే ధన్యవాదాలు చెప్పాడు,
చాలా చక్కటి వెల్ష్.
"దీని గురించి ఆలోచించాలి," అన్నాడు,
ఆలోచించాల్సిన వాళ్ళకి ఆయన వాడిన మాట "ని".
నా తెలుగులో అయితే అక్కడ ఆగి తేల్చుకోవాలి,
మేమా, మనమా.
ఆ బల్లకు ఇవతల ఉన్న ముసలాయన
అందులో ఉన్నాడా లేడా అని.
వాళ్ళ రెండు భాషల్లోనూ ఆ పీట ఒకటే,
ఎవరైనా కూర్చోవచ్చు,
ఎవరినీ పిలవక్కర్లేదు.
మెరెరిడ్ దాన్ని అలాగే అటు దాటించింది.
తప్పేం లేదు.

సాయంత్రం రైలు.
సరిహద్దు దాటాక మైకు ఒక భాష వదిలేసింది,
గంటన్నర తర్వాత మళ్ళీ తెచ్చుకుంది.
కిటికీ మీద వాన అడ్డంగా పాకుతోంది.
హాలు తాళం ఎవరి దగ్గరుందో గుర్తు చేసుకుని
ఇడ్వాల్ ఫోను తీశాడు.
"పారబోశావా?"

అద్దాల గదిలో గ్లాసు నింపారు.
తర్వాతి సాక్షి పళ్ళ డాక్టరు.
మెరెరిడ్ గొంతు సవరించుకుంది.
"నేను," అంది.